ఈసెట్‌తో సీఎస్ఈ రెండో సంవత్సరంలో చేరుతున్నావా? కాలేజీ పేరు కన్నా ముందు మూడో సెమిస్టర్ సంగతి చూడు

తమ్ముడూ, నీ పరిస్థితి నాకు అర్థమైనంత వరకు ఇది. మీది పాకాల దగ్గర పల్లె. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ ఇంజినీరింగ్ డిప్లొమా అయింది, డిప్లొమా వాళ్లను బీటెక్ రెండో సంవత్సరంలో చేర్చుకునే ప్రవేశ పరీక్ష ఈసెట్‌లో చెప్పుకోదగ్గ ర్యాంకే వచ్చింది. కావాల్సిన కాలేజీలను ఆన్‌లైన్‌లో వరుసగా ఎంచుకునే వెబ్ ఆప్షన్లు పెట్టడానికి వారమే ఉంది. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీ ముందు పెట్టాలా, చిత్తూరు, పుత్తూరు వైపున్న అటానమస్ (పరీక్షలు సొంతంగా పెట్టుకునే) కాలేజీలు ముందు పెట్టాలా అన్నది ఒక సందేహం. మీ మామ ఒక ప్రైవేటు యూనివర్సిటీలో మేనేజ్‌మెంట్ సీటు మాట్లాడతానంటున్నాడు, అది రెండో సందేహం. చేరాక నచ్చకపోతే కాలేజీ మారొచ్చా అని కూడా అడిగావు.

నేనూ డిప్లొమా దారిలోనే వచ్చాను. ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరాను. కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, పదిహేనేళ్లుగా తిరుపతిలో కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్ (సీఎస్ఈ) పిల్లలకు పాఠాలు చెప్తున్నాను. ఏ కాలేజీ అన్నది ఇక్కడ చెప్పను, చెబితే దానికోసమే ఇదంతా రాశానని అనుమానం వస్తుంది. ఏటా క్లాసులు మొదలైన కొన్ని వారాలకు మూడో సెమిస్టర్ గదిలో వెనక బెంచీలో ఐదారు కొత్త ముఖాలు కనిపిస్తాయి. లేటరల్ ఎంట్రీ పిల్లలు, అంటే నీలా నేరుగా రెండో సంవత్సరంలో చేరినవాళ్లు. వాళ్లలో బాగా పైకి వచ్చినవాళ్లనూ చూశాను, మొదటి నాలుగు నెలల్లోనే నలిగిపోయినవాళ్లనూ చూశాను. తేడా చాలాసార్లు తెలివితేటల్లో లేదు, ఆ నాలుగు నెలలు ఎలా గడిచాయన్నదాంట్లో ఉంది. అందుకే నీకు చెప్పదలచుకున్నది ఒకటే. కాలేజీ పేరు చూసి కాదు, ఆ కాలేజీ నీ మూడో సెమిస్టర్‌ను ఎలా దాటిస్తుందో చూసి ఎంచుకో.

ఎందుకో లెక్క వేసి చూపిస్తాను. ఈఏపీసెట్ (పాత ఎంసెట్)లో వచ్చినవాళ్లకు ఎనిమిది సెమిస్టర్లు. నీకు ఆరే. నీ సీజీపీఏ (అన్ని సెమిస్టర్ల సగటు గ్రేడు) రెండో సంవత్సరం నుంచే లెక్కిస్తారు. క్యాంపస్ ఇంటర్వ్యూలు ఎక్కువగా ఏడో సెమిస్టర్‌లో మొదలవుతాయి. అంటే కంపెనీ వచ్చే నాటికి నీ చేతిలో ఉండేది మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఈ నాలుగు సెమిస్టర్ల మార్కులే. మూడో సెమిస్టర్ అందులో పావు వంతు. నీ పక్కన కూర్చునే రెగ్యులర్ విద్యార్థికి అదే సెమిస్టర్ ఆరింట్లో ఒకటి. వాడు ఒక సెమిస్టర్ పాడు చేసుకున్నా సర్దుకునే చోటు ఉంటుంది. నీకు అంత చోటు లేదు. చాలా కంపెనీలు టెన్త్, డిప్లొమా, బీటెక్ మూడింటిలోనూ 60 శాతం అడుగుతాయి, పెండింగ్ బ్యాక్‌లాగులు (తప్పిన సబ్జెక్టులు) ఉంటే రానివ్వవు. మూడో సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులు పోతే వాటిని మోసుకుంటూ మూడో సంవత్సరం దాకా నడవాలి.

ఆ సెమిస్టర్‌లో ఏముంటుందో కూడా తెలుసుకో. జేఎన్‌టీయూ అనంతపురం (జేఎన్‌టీయూఏ) 2023లో తెచ్చిన ఆర్-23 సిలబస్‌లో సీఎస్ఈ రెండో సంవత్సరం మొదటి సెమిస్టర్ అంటే డిస్క్రీట్ మ్యాథమెటిక్స్ అండ్ గ్రాఫ్ థియరీ, డిజిటల్ లాజిక్ అండ్ కంప్యూటర్ ఆర్గనైజేషన్, అడ్వాన్స్‌డ్ డేటా స్ట్రక్చర్స్ అండ్ అల్గారిథమ్ అనాలసిస్, జావా. ఆ 'అడ్వాన్స్‌డ్' అన్న మాటను తేలిగ్గా తీసుకోవద్దు. రెగ్యులర్ పిల్లలు మొదటి సంవత్సరంలోనే సీ ప్రోగ్రామింగ్, మామూలు డేటా స్ట్రక్చర్స్ చదివేసి ఉంటారు. నువ్వు నేరుగా ఏవీఎల్ ట్రీలు, బీ-ట్రీలు, డైనమిక్ ప్రోగ్రామింగ్ మీద పడతావు. డిప్లొమాలో నువ్వూ డేటా స్ట్రక్చర్స్ చదివావు, కాదనను. కానీ ఒక అల్గారిథమ్‌కు ఎంత సమయం పడుతుందో లెక్కగట్టి రుజువు చేయడం అక్కడ పెద్దగా చేయించరు. ఇక డిస్క్రీట్ మ్యాథ్స్ అంటే డిప్లొమాలో చేసిన మ్యాట్రిక్సులు, ఇంటిగ్రేషన్, లాప్లాస్ లాంటిది కాదు. తర్కం, సమితులు, రిలేషన్లు, గ్రాఫులు. పూర్తిగా వేరే ఆలోచన.

నాలుగో సెమిస్టర్‌కు వచ్చేసరికి పరిస్థితి తిరగబడుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్స్, డీబీఎంఎస్, సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ వస్తాయి. ఇవి నువ్వు డిప్లొమాలో ఒకసారి చదివినవే. అప్పుడు రెగ్యులర్ పిల్లలు నీ దగ్గరికి వచ్చి జాయిన్ క్వెరీ ఎలా రాయాలని అడుగుతారు. ప్రతి ఏడూ చూస్తాను దీన్ని. కాబట్టి గట్టెక్కాల్సింది ఆ ఒక్క సెమిస్టరే.

నా సంగతి చెబితే నీకు ఇంకా బాగా అర్థమవుతుంది. నాకు ఆఖరి విడతలో సీటు వచ్చింది. కాలేజీకి వెళ్లేసరికి క్లాసులు మొదలై ఆరు వారాలు అయిపోయింది. మొదటి రోజు మేడం బోర్డు మీద ఏవీఎల్ ట్రీని కుడివైపు తిప్పుతున్నారు. నా నోటుబుక్కు మీద ఇంకా పేరు కూడా రాసుకోలేదు. పక్కనున్న అమ్మాయిని అడిగితే, "ఎడమ రొటేషన్ నిన్ననే అయిపోయింది" అని చెప్పి మళ్లీ రాసుకోవడంలో పడిపోయింది. హాజరు పట్టీలో నా పేరు లేదు. రోల్ నంబరు ఇంకా రాలేదని చెప్పి చివరి పేజీలో పెన్సిల్‌తో రాశారు. ఆ పెన్సిల్ పేరు మీద పెన్ను పడేసరికి నవంబరు వచ్చింది. ఈ లోపు ఆఫీసులో నా హాజరు 61 శాతం అని చూపించారు. నేను చేరని ఆరు వారాలకూ ఆబ్సెంట్ వేశారు. 75 శాతం ఉండాలి, 65కు పైన ఉంటే తక్కువైన హాజరును మన్నించడానికి కండోనేషన్ ఫీజు కట్టించుకుంటారు, 65 లోపు అంటే పరీక్షే లేదు. మా నాయన పొలం పనులు వదులుకుని మూడుసార్లు బస్సెక్కి వచ్చి ఆఫీసు ముందు నిలబడ్డాడు. మూడోసారి ఒక సీనియర్ లెక్చరర్ జోక్యం చేసుకుని, చేరిన తేదీ నుంచి లెక్కించాలని రాసి సంతకం పెట్టారు. పరీక్ష రాశాను. కానీ ఆ టెన్షన్‌లో చదివింది ఎంత? డిస్క్రీట్ మ్యాథ్స్ పోయింది. ఆ ఒక్క సబ్జెక్టు వల్ల మూడో సంవత్సరం చివర్లో వచ్చిన మొదటి కంపెనీ ఇంటర్వ్యూకు కూర్చోలేకపోయాను.

అందుకే ఈ ప్రశ్నలు మొదట అడగమంటున్నాను. లేటరల్ ఎంట్రీ వాళ్లకు హాజరు ఏ తేదీ నుంచి లెక్కిస్తారు? మొదటి మిడ్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్ష) ఎప్పుడు? అప్పటికి చేరనివాళ్లకు ఏం చేస్తారు? జేఎన్‌టీయూఏ పద్ధతిలో ఇంటర్నల్ 30 మార్కులు. రెండు మిడ్‌లలో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువ వచ్చినదానికి 20 శాతం వెయిటేజీ. అంటే మొదటి మిడ్ రాయలేకపోతే, రెండో మిడ్‌లో నూటికి నూరు తెచ్చుకున్నా నీకు 24 దాటవు. ప్రతి సబ్జెక్టులో ఆరు మార్కులు పరీక్ష గదిలో అడుగుపెట్టకముందే పోయినట్టు. అటానమస్ కాలేజీలకు ఈ లెక్కలు మార్చుకునే వీలుంది, కాబట్టి వాళ్ల రెగ్యులేషన్స్ పుస్తకం వెబ్‌సైట్ నుంచి దింపుకుని చదువు. లేటరల్ ఎంట్రీ గురించి రాసిన పేజీ ఒకటి తప్పకుండా ఉంటుంది.

ఇంకో ప్రశ్న, బ్రిడ్జ్ క్లాసులు పెడతారా? సాయంత్రం నాలుగు తర్వాత రెండు మూడు వారాల పాటు సీ పాయింటర్లు, లింక్డ్ లిస్టులు, కొంచెం మ్యాథ్స్ చెప్పే కాలేజీలు ఉన్నాయి. కాగితం మీద మాత్రమే ఉన్న కాలేజీలూ ఉన్నాయి. దీనికి జవాబు అడ్మిషన్ల కౌంటర్ దగ్గర దొరకదు. పోయిన ఏడాది ఈసెట్ మీద చేరిన పిల్లల్ని వెతికి పట్టుకుని అడగాలి.

అందుకే చెప్తున్నా, ఈ వారంలో రెండు కాలేజీలైనా స్వయంగా చూసి రా. ఆదివారం కాదు, క్లాసులు జరిగే రోజు వెళ్లు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆపితే అడ్మిషన్ కోసం వచ్చానని చెప్పు, లోపలికి పంపిస్తారు. బ్లాకు ముందున్న ఫౌంటెనూ, గోడ మీద ప్లేస్‌మెంట్ ఫ్లెక్సీలూ చూసి వెనక్కి రావద్దు. మధ్యాహ్నం రెండు గంటలప్పుడు సీఎస్ఈ ల్యాబ్ దగ్గరికి వెళ్లి తలుపు పక్కన ఐదు నిమిషాలు నిలబడు. పిల్లలు ప్రోగ్రామ్ టైప్ చేస్తున్నారా, లేక సీనియర్ల రికార్డు ముందు పెట్టుకుని అవే ప్రోగ్రాములు, అవే అవుట్‌పుట్‌లు ఎక్కించుకుంటున్నారా? ల్యాబ్‌లో ఉన్న సారో మేడమో ఒక్కొక్కరి స్క్రీన్ మీదికి వంగి "ఈ ఎర్రర్ ఎందుకు వచ్చింది?" అని అడుగుతున్నారా, లేక బల్ల దగ్గరే కూర్చుని రికార్డుల మీద సంతకాలు పెడుతున్నారా? ఎన్ని సిస్టమ్‌ల మీద 'పనిచేయదు' అని కాగితం అంటించి ఉంది? ఏ బ్రోచర్‌లోనూ ఇవి రాయరు.

ఇప్పుడు నీ జాబితా దగ్గరికి వస్తాను.

ఎస్వీ యూనివర్సిటీ 1954లో మొదలైంది, దాని ఇంజినీరింగ్ కాలేజీ 1959 నాటిది. పాత కాలేజీ, ఫీజు తక్కువ, ఊరి మధ్యలో ఉంది. లైబ్రరీ పెద్దది. డిగ్రీ మీద రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీ పేరు ఉంటుంది. సొంతంగా చదువుకునే అలవాటు ఉన్నవాడికి ప్రభుత్వ కాలేజీ చాలా మంచిది, ఎందుకంటే నీ సాయంత్రాలు నీవే. ప్రైవేటు కాలేజీల్లో బస్సు సమయాలకే రోజు గడిచిపోతుంది. అయితే ప్రభుత్వ యూనివర్సిటీ కాలేజీల్లో రెగ్యులర్ అధ్యాపకుల ఖాళీలు ఏళ్లుగా ఉన్న సమస్య. సీఎస్ఈలో మూడో సెమిస్టర్ సబ్జెక్టులు ఎవరు చెప్తున్నారు, పోయిన ఏడాది సిలబస్ పూర్తయిందా అని అడుగు. వెంటపడి చదివించేవాళ్లు కావాలనుకునే పిల్లలకు ఇక్కడ కష్టం. నువ్వు ఏ రకమో నీకే తెలుసు, పాలిటెక్నిక్‌లో మూడేళ్లు ఎలా చదివావో గుర్తు చేసుకుంటే చాలు.

నీ జాబితాలో కలికిరి లేకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. జేఎన్‌టీయూఏ సొంత కాలేజీ 2013 నుంచి అక్కడ నడుస్తోంది. అనుబంధ కాలేజీ కాదు, యూనివర్సిటీ నడిపే కాలేజీ. మీ పాకాల నుంచి ధర్మవరం వెళ్లే రైలు మార్గంలోనే పీలేరు దాటాక కలికిరి వస్తుంది. అందరూ తిరుపతి అనేసరికి ఇటువైపు చూడరు. చిన్న ఊరు, హాస్టల్‌లో ఉండి చదువుకోవడానికి అనువుగా ఉంటుంది. దాన్ని కూడా ఆప్షన్లలో పెట్టు. నీ చెల్లెలు కూడా పాలిటెక్నిక్‌లోనే ఉందన్నావు కదా, ఆ అమ్మాయి వంతు వచ్చినప్పుడు 1983లో మొదలైన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోని ఇంజినీరింగ్ విభాగాన్ని మర్చిపోవద్దు.

చిత్తూరు, పుత్తూరు, తిరుపతి చుట్టూ ఉన్న అటానమస్ కాలేజీల గురించి. అటానమస్ అంటే సిలబస్, ప్రశ్నపత్రం, పరీక్షలు కాలేజీవి, డిగ్రీ మాత్రం యూనివర్సిటీది. మంచి అటానమస్ కాలేజీలో సిలబస్ తొందరగా మారుతుంది, ఫలితాలు తొందరగా వస్తాయి, క్యాంపస్ డ్రైవ్‌లు ఎక్కువ. వీటిని నేను తక్కువ చేయను, నా విద్యార్థుల్లో బాగా స్థిరపడినవాళ్లు ఇలాంటి కాలేజీల నుంచి కూడా ఉన్నారు. కానీ రెండు విషయాలు చూడాలి.

ఒకటి న్యాక్, ఎన్‌బీఏ తేడా. రెండూ నాణ్యతను పరిశీలించి గుర్తింపు ఇచ్చే సంస్థలే. గేటు మీద న్యాక్ గ్రేడు పెద్ద అక్షరాల్లో రాస్తారు. అది మొత్తం సంస్థకు ఇచ్చేది. ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కో బ్రాంచికి విడిగా ఇస్తారు. కాలేజీలో సివిల్, మెకానికల్‌కు ఎన్‌బీఏ ఉండి సీఎస్ఈకి గడువు దాటిపోయి ఉండొచ్చు. ఎన్‌బీఏ వెబ్‌సైట్‌లో కాలేజీ పేరు, బ్రాంచి, ఏ సంవత్సరం దాకా అన్నది ఉంటుంది. సీఎస్ఈ విత్ ఏఐ అండ్ ఎంఎల్, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ అని కొత్త బ్రాంచీలు వచ్చాయి కదా, కనీసం రెండు బ్యాచ్‌లు బయటికి వస్తే తప్ప వాటికి ఎన్‌బీఏ రాదు. రాలేదంటే చెడ్డదని కాదు, కొత్తదని అర్థం. నీలాంటివాడు మామూలు సీఎస్ఈ తీసుకోవడమే మేలని నా అభిప్రాయం. పునాది సబ్జెక్టులు సరిగ్గా నిలబడితే మెషిన్ లెర్నింగ్ ఎలెక్టివ్‌గా ఎప్పుడైనా చదువుకోవచ్చు. ఆరు సెమిస్టర్లలో పునాదీ, ప్రత్యేక సబ్జెక్టులూ రెండూ సరిగ్గా పట్టుకోవడం కష్టం.

రెండోది సెక్షన్లు. ఇంజినీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ 2024-25 నుంచి బ్రాంచికి ఇన్ని సీట్లే ఉండాలన్న గరిష్ఠ పరిమితిని ఎత్తేసింది. దాంతో సీఎస్ఈలో సెక్షన్లు బాగా పెంచుకున్న కాలేజీలు ఉన్నాయి. 20 మందికి ఒక అధ్యాపకుడు ఉండాలన్నది నిబంధన. వెబ్‌సైట్‌లో సీఎస్ఈ అధ్యాపకుల జాబితా తీసి ఎంతమంది ఉన్నారో, వాళ్లు ఎప్పుడు చేరారో చూడు. సగం మంది ఈ ఏడాదే చేరినవాళ్లయితే, పాతవాళ్లు ఎందుకు వెళ్లిపోయారని సీనియర్లను అడుగు. లేటరల్ ఎంట్రీ సీట్లు మంజూరైన సీట్లకు పైన 10 శాతం, అంటే 60 మంది ఉన్న సెక్షన్‌లో మీరు ఆరుగురు. మిమ్మల్ని అన్ని సెక్షన్లకూ పంచుతారా, అందరినీ ఒకే సెక్షన్‌లో పడేస్తారా అన్నది కూడా అడగదగ్గ ప్రశ్నే. పంచితేనే మంచిది. రెగ్యులర్ పిల్లల పక్కన కూర్చుంటే మొదటి సంవత్సరం నోట్స్ దొరుకుతాయి, స్నేహాలు తొందరగా కలుస్తాయి.

ప్లేస్‌మెంట్ శాతాలు ఎవరు చెప్పినా ఒక ప్రశ్న వేయి: "పోయిన బ్యాచ్‌లో ఈసెట్ మీద చేరినవాళ్లు ఎంతమంది, వాళ్లలో ఎంతమందికి వచ్చింది?" నిజంగా పిల్లల్ని పట్టించుకునే ప్లేస్‌మెంట్ ఆఫీసరైతే పేర్లతో సహా చెప్తారు. ఒక మాట కూడా గుర్తుంచుకో, టీసీఎస్ ఎన్‌క్యూటీ లాంటి ఉద్యోగ ఎంపిక పరీక్షలు ఏ కాలేజీ వాళ్లయినా రాయొచ్చు. కంపెనీ మీ క్యాంపస్‌కు రాకపోయినా తలుపు మూసుకుపోదు.

మేనేజ్‌మెంట్ సీటు గురించి మీ మామతో గొడవ పడకుండా, కానీ స్పష్టంగా మాట్లాడు. ఆయన నీ మంచి కోరే చెప్తున్నాడు. కానీ మీ నాయన ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపే అన్నావు. కన్వీనర్ కోటాలో, అంటే ర్యాంకు మీద ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అర్హత ఉంటుంది. మేనేజ్‌మెంట్ కోటాకు, స్పాట్ అడ్మిషన్‌కు అది రాదు. మూడేళ్ల ఫీజు, హాస్టల్, బస్సు కలిపి కాగితం మీద రాసి మామకూ నాయనకూ చూపించు. ఈసెట్ ర్యాంకు చేతిలో ఉండగా అప్పు చేసి సీటు కొనడం నాకు ఏ రకంగానూ సమంజసం అనిపించడం లేదు. రీయింబర్స్‌మెంట్ డబ్బు ఆలస్యమైతే కొన్ని కాలేజీలు హాల్‌టికెట్ దగ్గర పిల్లల్ని ఇబ్బంది పెడతాయి. ఈ విషయం కూడా సీనియర్లనే అడగాలి. రేషన్ కార్డు, ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం, బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు ఇప్పుడే సరిచూసుకో. పాలిటెక్నిక్‌లో పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటే సచివాలయం చుట్టూ తిరగడానికే నెల పోతుంది.

ఇంట్లో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, "ఏర్పేడు దగ్గర ఐఐటీ ఉంది కదా, అక్కడ రాదా?" అని. మా ఇంట్లోనూ అడిగారు, ఇప్పటికీ తల్లిదండ్రులు నన్ను అడుగుతుంటారు. ఐఐటీ తిరుపతిలో బీటెక్ అంటే జేఈఈ అడ్వాన్స్‌డ్ ఒక్కటే దారి. డిప్లొమా నుంచి రెండో సంవత్సరంలో చేరే వీలు లేదు. కానీ అది నీకు మూసుకుపోయిన తలుపు కాదు. బీటెక్ మూడో సంవత్సరం నుంచే ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్ రాయొచ్చు, మంచి స్కోరు వస్తే అక్కడే ఎంటెక్ చేయొచ్చు. గేట్ సీఎస్ సిలబస్‌లో డిస్క్రీట్ మ్యాథ్స్, డేటా స్ట్రక్చర్స్, అల్గారిథమ్స్‌కు పెద్ద చోటు ఉంది. మూడో సెమిస్టర్ మళ్లీ ఇక్కడ కూడా ఎదురవుతుంది.

చేరాక మారొచ్చా అన్నావు. మారొచ్చు, కానీ దాన్ని నమ్ముకుని చేరవద్దు. ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి బదిలీ రాష్ట్ర ప్రభుత్వం, యూనివర్సిటీ ఇచ్చే మార్గదర్శకాల ప్రకారమే జరగాలి. వెళ్లదలచుకున్న కాలేజీలో అదే బ్రాంచిలో ఖాళీ ఉండాలి, ఉన్న కాలేజీ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఇవ్వాలి, ఆ కాలేజీ ఒప్పుకోవాలి, పైనుంచి అనుమతి రావాలి. ఇది కదిలేసరికి ఒక సెమిస్టర్ సగం అయిపోతుంది. సిలబస్‌లు వేరైతే అక్కడ వాళ్లు చదివేసి నువ్వు చదవని సబ్జెక్టులు అదనంగా రాయాలి. అటానమస్ నుంచి యూనివర్సిటీ సిలబస్‌కో, జేఎన్‌టీయూఏ నుంచి ఎస్వీయూకో మారితే ఈ బాధ ఇంకా ఎక్కువ. అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అని 2021లో యూజీసీ తెచ్చిన పద్ధతి ఉంది, నీ క్రెడిట్లు డిజిటల్‌గా నమోదవుతాయి. దానికి కావాల్సిన అపార్ ఐడీ (విద్యార్థి గుర్తింపు సంఖ్య) తీసుకుని ఉంచు. కానీ క్రెడిట్లు నమోదై ఉన్నంత మాత్రాన ఇంకో కాలేజీ సీటు ఇవ్వాలని లేదు. నాలుగు సెమిస్టర్ల మార్కులే నీ ఆస్తి అని పైన చెప్పాను. అందులో ఒకటి బదిలీ కాగితాల వెంట తిరుగుతూ పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. తల్లిదండ్రుల ఆరోగ్యం లాంటి తప్పని కారణం ఉంటే వేరే సంగతి.

ఆప్షన్లు పెట్టే దగ్గర చాలామంది పొరపాటు పడతారు. "నా ర్యాంకుకు ఇది రాదులే" అని మంచి కాలేజీని కిందికి దించుతారు. అలా చేయకు. నీకు నిజంగా ఏది ముందు కావాలో ఆ వరుసలోనే పెట్టు, ర్యాంకుకు అందే వాటిలో పైన ఉన్నది వస్తుంది. పైన పెట్టినందువల్ల కిందిది పోదు. అయితే ఏ పరిస్థితిలోనూ చేరనని అనుకునే కాలేజీని ఒక్కటి కూడా పెట్టకు. రెండో విడతలో మళ్లీ ఆప్షన్లు పెట్టి వేరే సీటు వస్తే మొదటిది దానంతటదే రద్దవుతుంది, కాబట్టి మొదటి సీటు నచ్చితే రెండో విడత జోలికి వెళ్లకు. మొదటి విడతలోనే చేరడానికి ఇంకో కారణం కూడా ఉంది. నా లాగా ఆరు వారాలు ఆలస్యంగా వెళ్లే బాధ తప్పుతుంది. దాదాపు సమానంగా ఉన్న రెండు కాలేజీల మధ్య కొంచెం మెరుగైన దానికోసం ఆఖరి విడత దాకా ఆగడం కన్నా, ఇప్పుడు వచ్చినదాంట్లో మొదటి రోజు నుంచి కూర్చోవడమే నీకు లాభం.

నన్ను వరుస చెప్పమన్నావు కాబట్టి చెప్తున్నాను. ఒంటరిగా కూర్చుని చదువుకోగలనని నీకు నమ్మకం ఉంటే ఎస్వీయూ, తర్వాత కలికిరి, ఆ తర్వాత నువ్వు వెళ్లి చూసి ల్యాబ్ బాగుందనుకున్న అటానమస్ కాలేజీలు. ఎవరైనా వెంటపడి చదివిస్తేనే చదువుతాననుకుంటే ఎన్‌బీఏ ఉన్న, బ్రిడ్జ్ క్లాసులు నిజంగా పెట్టే అటానమస్ కాలేజీని అన్నిటికన్నా పైన పెట్టు. నేనైతే నీ వయసులో రెండో రకం. రోజూ ఇంటి నుంచి తిరగాలనే ఆలోచన మాత్రం మొదటి సెమిస్టర్‌కు మానుకో. పాకాల నుంచి తిరుపతి అయినా చిత్తూరు అయినా రానూపోనూ కలిపి రోజుకు రెండు మూడు గంటలు పోతాయి. బ్రహ్మోత్సవాల రోజుల్లో తిరుపతి బస్సుల సంగతి నీకు చెప్పక్కర్లేదు, మిడ్ పరీక్షలు కూడా దాదాపు ఆ రోజుల్లోనే పడుతుంటాయి. హాస్టల్‌లోనో, బైరాగిపట్టెడ వైపు నలుగురు కలిసి ఒక గదిలోనో ఉండు. నాలుగో సెమిస్టర్ నుంచి కావాలంటే ఇంటి నుంచి తిరుగు.

సీటు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు. సీలో పాయింటర్లతో లింక్డ్ లిస్ట్ చూడకుండా రాయగలిగేదాకా రాయి, తర్వాత బైనరీ సెర్చ్ ట్రీ. రోజూ ఒక గంట డిస్క్రీట్ మ్యాథ్స్‌లో మొదటి యూనిట్, ట్రూత్ టేబుళ్లు, ప్రెడికేట్లు. పాలిటెక్నిక్‌లో మీకు పాఠం చెప్పిన సార్లలో ఎవరినైనా ఒకరిని పట్టుకుని వారానికి ఒకసారి చూపించు, కాదనరు.

ఇక రిపోర్టింగ్ రోజు. అలాట్‌మెంట్ ఆర్డర్, ఒరిజినల్స్, నాలుగేసి జిరాక్స్ సెట్లు తీసుకుపో. సర్టిఫికెట్లు వెరిఫై చేసి వెనక్కి ఇచ్చేయాలని యూజీసీ, ఏఐసీటీఈ చెప్తున్నాయి. ఇవ్వకపోతే ఏ ఏ కాగితాలు తీసుకున్నారో రాసి, స్టాంపు వేసి, సంతకం పెట్టిన రసీదు అడుగు. మర్యాదగా అడుగు, కానీ తీసుకోకుండా రావద్దు. అక్కడి నుంచి నేరుగా సీఎస్ఈ డిపార్ట్‌మెంట్‌కు వెళ్లి హెచ్ఓడీని (విభాగాధిపతిని) కలిసి, చేరిన తేదీతో హాజరు పట్టీలో పేరు ఆ రోజే పెన్నుతో ఎక్కించమని అడుగు.